నెల్లిమర్ల దారిలో అంబలి కొట్టు: తిండి, కసరత్తు, కొన్ని లోపాలు

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లే దారిలో, ఒక ఊరి ఉన్నత పాఠశాల ప్రహరీగోడను ఆనుకుని, రేకుల కప్పు కింద పొదుపు సంఘం మహిళలు నడుపుతున్న చిన్న ఫలహారశాల ఒకటి ఉంది. దానికి పేరు రాసిన బోర్డు లేదు. చుట్టుపక్కల ఊళ్లవారంతా అంబలి కొట్టు అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే పిలుస్తాను. తెల్లవారుజామున ఐదున్నరకు ఈ కొట్టు తెరుస్తారు. సరిగ్గా ఆ సమయానికే పక్కనున్న బడి మైదానంలో ఆ సంఘం వారే నడిపించే నడక, కసరత్తు మొదలవుతాయి. సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి వీలు చిక్కినప్పుడల్లా నేను అక్కడికి వెళ్లి, మైదానంలో వారితో కలిసి నడిచి, కొట్టులో తిని వస్తున్నాను. మంచి తిండి తినాలనీ, ఒళ్లు కదపాలనీ పల్లెల్లో సభలు పెట్టి చెప్పడం చాలాసార్లు విన్నాను. ఆ రెండింటినీ ఆకలి వేసే వేళకు, అందరికీ అందే ధరకు, ఊరివారి చేతులతోనే అందించిన చోటును మాత్రం మా ప్రాంతంలో ఇక్కడే చూశాను. అందుకే దీని మంచిచెడ్డలు రెండూ వివరంగా రాస్తున్నాను.

ముందుగా అంబలి సంగతి చెప్పాలి. మరపట్టించిన చోడి (రాగి) పిండిని రాత్రే నీళ్లలో పలుచగా కలిపి, మూతపెట్టి పులియనిస్తారు. తెల్లవారాక పెద్ద గిన్నెలో నూకలు ఉడికించి, అవి మెత్తబడే వేళకు ఆ పులిసిన పిండిని పోసి, అడుగంటకుండా తెడ్డుతో కలియబెడుతూ, పచ్చివాసన పోయేవరకు కాచి దించుతారు. చల్లారిన తరువాత చిలికిన మజ్జిగ కలిపి, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ ఇస్తారు. పట్నంలో అంబలి పేరు పెట్టి చాలాచోట్ల పిండిని అప్పటికప్పుడు వేడినీళ్లలో కలిపి పోస్తున్నారు. దానికి పులుపు ఉండదు, గుక్క వేస్తే పిండి గొంతుకు తగులుతుంది. ఇక్కడి అంబలిలో ఒక రాత్రి పులిసిన రుచి స్పష్టంగా తెలుస్తుంది, నూకల పలుకు నాలుకకు తగులుతుంది, చిక్కదనం ఏ రోజుకారోజు మారిపోకుండా ఒకేలా ఉంటుంది. పొలానికి వెళ్తూ ఆగిన ఒక పెద్దాయనను రోజూ ఇదే తాగుతారా అని అడిగితే, "బావూ, ఇది తాగీసి ఎల్తే పదకొండు దాకా ఆకలి మాటే నేదు" అన్నారు. ఆయన ఒక పెద్ద గ్లాసు తాగి, రెండోది సీసాలో పోయించుకుని వెళ్లారు.

పులియబెట్టడం వల్ల కలిగే మేలు రుచితో ఆగిపోదు. చోళ్లలో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఇనుమునూ, కాల్షియంనూ, జింకునూ పట్టి ఉంచి శరీరానికి పూర్తిగా అందనివ్వదు. గింజలను నానబెట్టినా, మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా ఆ పదార్థం తగ్గుతుంది. మన ముసలివాళ్లు రాత్రే పిండి కలిపి ఉంచిన పద్ధతిలో ఈ ప్రయోజనమంతా ఉంది. చోడి గింజకు ఇంకొక సౌలభ్యం కూడా ఉంది. దాని పైపొర లోపలి గింజకు గట్టిగా అంటుకుని ఉంటుంది కనుక, బియ్యాన్ని పాలిష్ పట్టినట్టు దాన్ని సులువుగా ఒలిచి పారేయలేరు, పొరతో సహా పిండి చేసుకోవలసిందే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. అంతే తూకం పాలిష్ బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు మించదు, పీచు మూడు గ్రాములకు లోపే ఉంటుంది. పాలు కొనుక్కోలేని ఇంట్లో ఎదిగే పిల్లకూ, బాలింతకూ, ఎముకలు పలుచబడుతున్న ముసలమ్మకూ ఈ తేడా ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కొట్టులో ఉదయం పూట టీ అమ్మరు. టీ ఏదని మొదటిసారి వచ్చినవారు అడుగుతుంటారు. తిండితో పాటు టీ తాగితే అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వవని ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) చెప్పిన తరువాత, ఉదయపు అమ్మకంలో కొంత పోయినా సరే, పది గంటలు దాటితే గానీ టీ పెట్టకూడదని సంఘం వారు నిర్ణయించుకున్నారు. దానికి బదులు ఇడ్లీ పళ్లెంలో ఒక నిమ్మచెక్క పెడుతున్నారు. నిమ్మలోని సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే సర్వేలో మూడింట ఒక వంతుకు పైగా స్త్రీలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువు ఉన్నారని కూడా తేలింది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఈ రెండూ కలిసి ఉండటానికి కారణం కంచంలోనే కనిపిస్తుంది: గుట్టగా అన్నం, దాని మీద పలుచని చారు, పక్కన ఆవకాయ, ఎప్పుడైనా ఒక గుడ్డు. కడుపు నిండుతుంది, బరువు పెరుగుతుంది, రక్తం మాత్రం పట్టదు. అలాంటి ఊళ్లో నిమ్మచెక్క పెట్టి, టీని పది గంటల తరువాతకు జరిపిన ఈ నిర్ణయాన్ని నేను చాలా గౌరవంగా చూస్తున్నాను.

మిగిలిన ఫలహారాలలో చోడి ఇడ్లీ అన్నిటికన్నా బాగుంటుంది. మినప్పప్పు తగ్గించకుండా వేస్తారు కనుక మెత్తగా వస్తుంది, రంగు చూసి ముఖం తిప్పుకునే పిల్లలు కూడా రెండో ఇడ్లీ అడుగుతారు. 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైన తరువాత పిల్లల నాలుకకు ఈ రుచి కొత్త కాకుండా పోయిందని ఇడ్లీ పెట్టే ఆవిడ అన్నారు, అది నిజమే అనిపించింది. పెసరట్టు మామూలుగా ఉంటుంది. కొర్ర ఉప్మా ఇంకా కుదరలేదు, ఒకరోజు పొడిపొడిగా, ఒకరోజు ముద్దగా వస్తోంది. కొర్రలను కనీసం రెండు గంటలైనా నానబెట్టకుండా వండటమే అందుకు కారణమని నా అభిప్రాయం. గంటెల (సజ్జల) రొట్టె చలికాలంలోనే చేస్తారు, దొరికిన రోజు వదలకండి. సాయంత్రం బడి విడిచే వేళకు ఉలవ గుగ్గిళ్లు, శనగ గుగ్గిళ్లు కొబ్బరి ముక్కలు వేసి కాగితం పొట్లాల్లో ఇస్తున్నారు. పక్క దుకాణంలో వేలాడే చిప్స్ పాకెట్ల ధరకే ఇవి దొరుకుతాయి.

కొట్టుకు కావలసిన చోళ్లు చాలావరకు దగ్గర ఊళ్ల రైతుల నుంచే కొంటున్నారు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం చిరుధాన్యాల మీద ఎంతోకాలంగా పనిచేస్తోంది, చంపావతి, భారతి, శ్రీ చైతన్య, వేగావతి వంటి చోడి రకాలు అక్కడ రూపొందినవే. ఇంత మంచి విత్తనం మన గడప దగ్గరే తయారవుతున్నా, చౌక బియ్యం అలవాటైన తరువాత మెట్ట భూముల్లో చోడి విస్తీర్ణం తగ్గింది, తినేవాళ్లు తగ్గారు, చివరికి పండించేవాళ్లు తమ ఇంట్లోనే వండటం మానేశారు. రోజూ కొనే కొట్టు ఒకటి ఊళ్లో ఉంటే రైతుకు ఆ పంట వేయడానికి ధైర్యం వస్తుంది. పంట మీద చర్చ ఇక్కడితో ఆపుతాను, అది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

ఇప్పుడు నాకు నచ్చని ఒక విషయం. కొట్టు గోడకు ఎవరో అచ్చు వేయించి ఇచ్చిన ఒక పెద్ద పటం ఉంది. ఏ చిరుధాన్యం తింటే ఏ జబ్బు పోతుందో అందులో వరసగా రాశారు: ఒకదానితో చక్కెర వ్యాధి, ఒకదానితో రక్తపోటు, ఒకదానితో కీళ్లనొప్పులు, ఇంకొకదానితో క్యాన్సర్ కూడా నయమవుతాయట. ఈ పటాన్ని వెంటనే తీసివేయాలని సంఘం వారికి చెప్పాను, ఇక్కడ కూడా గట్టిగా చెబుతున్నాను. చిరుధాన్యాలు మంచి ఆహారం. మందు స్థానంలో వాటిని నిలబెట్టకూడదు. చోళ్లనే తీసుకున్నా, మెత్తని పిండిని జావగా కాచి తాగితే అందులోని పిండిపదార్థం రక్తంలోకి త్వరగానే చక్కెరగా చేరుతుంది. అదే పిండిని రొట్టెగా చేసి, పప్పుతోనో ఆకుకూరతోనో తింటే ఆ వేగం తగ్గుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు గోడ మీది రాతను నమ్మి, రోజూ వేసుకునే మాత్ర మానేసి, మూడు పూటలా జావ తాగితే నష్టపోతారు. అలా మాత్రలు ఆపిన ఒకావిడతో ఆ మైదానంలోనే మాట్లాడాను, ఆశా కార్యకర్త పట్టుబట్టి ఆమె చేత మళ్లీ మొదలుపెట్టించింది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. ఈ కొట్టుకు శ్రీకాకుళం జిల్లా నుంచి రామతీర్థం దర్శనానికి వచ్చేవారు కూడా ఆగుతుంటారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనందరికీ తెలుసు. జబ్బు ముదిరినవారికి పొటాషియం, భాస్వరం ఎంత అందాలన్నది వైద్యుడు లెక్క కట్టి చెబుతాడు. ఆకుకూరలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు అందరికీ మేలు చేస్తాయి గానీ వారికి హద్దు దాటితే హాని చేస్తాయి. ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి, తీసేయమన్న పటం ఉన్న చోటే పెడితే గోడకు సార్థకత వస్తుంది.

మైదానం దగ్గరకు వస్తాను. నాకు ఈ చోటు నచ్చడానికి సగం కారణం అదే. ఐదున్నరకు ఇరవై, ముప్పై మంది వరకు చేరతారు. వారిలో ఎక్కువమంది నలభై దాటిన స్త్రీలు. ముందుగా మైదానం చుట్టూ నడక, తరువాత చేతులు, భుజాలు, నడుము సడలించే కదలికలు, ఆ తరువాత గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే దండీలు, నీళ్లు నింపిన సీసాలు పట్టుకుని చేతులు ఎత్తి దించడం. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలకు బడి అరుగు మీద కూర్చుని లేచే కసరత్తు విడిగా చేయిస్తారు. నడిపించేది ఈ ఊరి అమ్మాయే, డిగ్రీ చదువుతూ బరువులెత్తే సాధన చేస్తోంది. ఆమె ఎవరినీ కసరడం నేను చూడలేదు. "మామ్మా, నొప్పెడితే ఆపియ్, ఊపిరి బిగబట్టకు" అంటూ ప్రతి వరసా తిరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు అవసరమని చెబుతోంది. ఇక్కడ వారానికి ఆరు రోజులు, రోజుకు ముప్పావు గంట జరుగుతుంది. నడకతోనే సరిపెట్టకుండా రెండో భాగాన్ని కూడా పట్టించుకున్నందుకు ఈ కార్యక్రమం పట్నంలోని చాలా పార్కుల కన్నా మెరుగ్గా ఉంది.

పొలం పని చేసేవాళ్లకు మళ్లీ కసరత్తెందుకు అని ఊళ్లో చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఉడుపుల రోజుల్లో పొద్దంతా వంగి నాట్లు వేసిన మనిషిని తెల్లవారి లేచి గుంజీలు తీయమనడం అన్యాయమే. ఆ రోజుల్లో మైదానానికి జనం తగ్గితే నిర్వాహకులు కూడా ఎవరినీ పిలవరు. కానీ ఏడాదిలో అలాంటి రోజులు ఎన్ని? దుక్కి ట్రాక్టరు దున్నుతోంది, కోత యంత్రం కోస్తోంది, ఊరి చివరి పొలానికి కూడా మోటారు సైకిలు మీదే వెళ్తున్నారు. మిగిలిన నెలల్లో పెద్దవాళ్లు అరుగుల మీద, మగవాళ్లు టీ దుకాణాల దగ్గర, స్త్రీలు కుట్టుమిషను ముందో టీవీ ముందో గడుపుతున్నారు. పైగా పొలం పని ఒంటిలో కొన్ని భాగాలనే పదేపదే వాడుతుంది; నడుము వంగే ఉంటుంది, దాన్ని నిలబెట్టే కండరాలకు బలం చేకూరదు. పని ఎంత చేసినా నడుము నొప్పి పోని స్త్రీలు ఇక్కడికి వచ్చి, కొన్ని నెలలకు నీళ్ల బిందె ఎత్తడం సులువైందని చెప్పుకోవడం విన్నాను.

వ్యాయామం మన నేలకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కోడి రామ్మూర్తి నాయుడి బలప్రదర్శనల గురించి మన తాతలు కథలుగా చెప్పారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో సాధన మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ క్రీడల్లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. ఈ నెల్లిమర్ల మండలంలోనే ఉన్న కొండవెలగాడ బరువులెత్తే క్రీడకు పెట్టింది పేరు, ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చారు. ఇంతటి వారసత్వం ఉన్న చోట వ్యాయామమంటే పతకాల కోసం కుర్రవాళ్లు చేసేదనే అభిప్రాయం ఎలాగో స్థిరపడిపోయింది. యాభై ఏళ్ల రైతు భార్య చీర కుచ్చిళ్లు బిగించి, సీసాలు పట్టుకుని చేతులెత్తడం ఊరికి మొదట్లో వింతగానే తోచింది. రోడ్డు మీద నడిస్తే లారీలు, కుక్కలు, చీకటి, చూసేవాళ్ల మాటలు. ప్రహరీ ఉన్న మైదానంలో, పదిమందితో కలిసి, వెలుతురు దీపం కింద నడిస్తే ఆ ఇబ్బందులేవీ లేవు. ప్రధానోపాధ్యాయుడిని ఒప్పించి ఉదయం పూట గేటు తీయించడం, పంచాయతీ చేత ఒక దీపం వేయించడం, ఈ రెండే ఇక్కడ జరిగిన పెద్ద పనులు. రెండింటికీ పెద్దగా ఖర్చు కాలేదు.

మైదానం విషయంలో ఒక కొరత ఉంది. మగవాళ్లు, ముఖ్యంగా ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్యవారు, దాదాపు రావడం లేదు. రక్తపోటు, చక్కెర పరీక్షల రోజున కూడా వారు దూరంగానే ఉంటారు. పరీక్షలు ఉదయం పదింటికి పెడుతున్నారు, ఆ వేళకు వారు పనుల్లో ఉంటారు. అవే పరీక్షలను నడక ముగిసే ఆరుంపావుకు, అంబలి తాగే బల్ల పక్కనే పెడితే వస్తారని నా నమ్మకం.

ఇక తిండిలోని లోపాలు. ఉప్పు ఎక్కువ. అంబలి గిన్నె మొత్తానికి ఒకేసారి ఉప్పు కలిపేస్తారు, దాని మీద నంజుకోవడానికి ఊరమిరపకాయ, ఇడ్లీకి పచ్చడి, ఉప్మా మీద కారప్పొడి. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీ చెంచా, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తే, ఇక్కడ ఒక్క ఉదయపు ఫలహారంలోనే అందులో చాలా భాగం అయిపోతుంది. అంబలిని చప్పగా ఉంచి ఉప్పు బల్ల మీద పెడితే ఎవరికి కావలసినంత వారు వేసుకుంటారు, రక్తపోటు ఉన్నవారు తప్పించుకుంటారు. ఎండలో చెమటోడ్చేవారికి కాస్త ఎక్కువ ఉప్పు కావాలన్న వాదనలో నిజం ఉంది గనుక, వారు వేసుకునే వీలూ ఉంటుంది.

చోడి లడ్డూలో బెల్లం మరీ ఎక్కువ. బెల్లం ఆరోగ్యమనే మాట మన దగ్గర ఎంత బలంగా నాటుకుపోయిందంటే, పంచదార ముట్టనివ్వని తల్లులు కూడా పిల్లలకు రోజుకు మూడు లడ్డూలు కొనిపెడుతున్నారు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నా, దానిలో అధికభాగం చక్కెరే. పిండి పాళ్లు పెంచి, వేయించిన నువ్వులూ వేరుశనగపప్పూ కలిపి, చిన్న సైజులో కడితే లడ్డూకు రుచీ తగ్గదు, పేరూ నిలబడుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది సాయంత్రం మూకుడు. ఉదయం అంబలి పోసిన ఈ కొట్టులోనే ఐదు గంటలకు మిరపకాయ బజ్జీలు, పునుగులు మొదలవుతాయి. వాడేది పామాయిల్, నిన్న మిగిలిన నూనెలోనే ఈరోజు కొత్త నూనె పోస్తున్నారు. నేను చూసిన రోజున నూనె నల్లబడి, నురగ కట్టి, త్వరగా పొగ వస్తోంది. పదేపదే కాచిన నూనెలో హానికరమైన పోలార్ పదార్థాలు పేరుకుంటాయి, అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. పల్లెటూరి కొట్టులో ఆ శాతం కొలిచే పరికరం ఉండదు. రంగు, నురగ, పొగ చూసి పారబోయడమే దారి. సంఘం పెద్దావిడ నాతో దాపరికం లేకుండా మాట్లాడారు: అంబలి మీద మిగిలేది తక్కువ, కొట్టు అద్దె, గ్యాసు ఖర్చు బజ్జీల మీదనే గడుస్తున్నాయి, అవి మానేస్తే ఉదయపు అంబలి కూడా ఆగిపోతుంది. ఆ మాటను నేను కాదనలేను. కాబట్టి బజ్జీలు మానేయమని అడగడం లేదు. మూకుడు చిన్నది పెట్టి, ఏ రోజు నూనె ఆ రోజే అయిపోయేలా చూసుకోవాలి, బజ్జీ పక్కన గుగ్గిళ్లు కూడా కనిపించేలా ఉంచాలి, అవసరమైతే బజ్జీ ధర రెండు రూపాయలు పెంచాలి. అంబలి ధర మాత్రం పెంచవద్దు.

కూరగాయలు కూడా తక్కువే. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న లెక్క. ఇక్కడ మునగాకు పప్పు బుధ, శనివారాల్లోనే చేస్తారు, మిగతా రోజుల్లో పచ్చదనం కొత్తిమీరతో సరి. మునగ చెట్టు లేని పెరడు ఈ ఊళ్లో అరుదు, పొన్నగంటి కూర చెరువుగట్ల మీదనే దొరుకుతుంది, గోంగూరకు ఈ నేల పెట్టింది పేరు. చోడి ఇడ్లీ పిండిలో మునగాకు తరిగి వేయడం, ఉప్మాలో బీన్సు, క్యారెట్లే కాక ఊళ్లో కాసే ఆనపకాయ, బీరకాయ వేయడం పెద్ద పని కాదు. అరటిపండ్ల గెల ఒకటి కొట్టు ముందు వేలాడదీస్తే బడి పిల్లలే ఖాళీ చేస్తారు.

శుభ్రత విషయంలో వంక పెట్టలేను. మంచినీళ్లు మూత ఉన్న డ్రమ్ములో ఉంటాయి, వడ్డించేవారు జుట్టుకు గుడ్డ కట్టుకుంటారు, స్టీలు గ్లాసులను వేడినీళ్లలో ముంచి తీస్తారు. ఇంటికి తీసుకెళ్లేవారికి వేడి అంబలిని పలుచని ప్లాస్టిక్ సంచుల్లో పోయడం మాత్రం ఆపాలి, గిన్నె తెచ్చుకున్నవారికి ఒక గరిటె ఎక్కువ పోస్తామని చెబితే వారంలో అలవాటవుతుంది. అంబలి గ్లాసు పది రూపాయలు, చోడి ఇడ్లీలు నాలుగు పాతిక రూపాయలు, గుడ్డు పది, గుగ్గిళ్లు పది. ఇద్దరు మనుషులు అరవై, డెబ్బై రూపాయల్లో కడుపునిండా తిని లేవవచ్చు.

కొట్టు ఉదయం ఐదున్నర నుంచి పదకొండు వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఉంటుంది. ఆదివారం మైదానంలో కసరత్తు లేదు గానీ కొట్టు తెరుస్తారు. విజయనగరం నుంచి వచ్చేవారు ఆరు గంటల్లోపు చేరితే నడకకూ అందుకుంటారు, అందులో చేరడానికి రుసుమేమీ లేదు, బూట్లు లేకపోయినా ఫర్వాలేదు. గుండె జబ్బు, మోకాలి శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు ఆ సంగతి నడిపించే అమ్మాయికి ముందే చెప్పాలి. నడక అయ్యాక మొదట అంబలి తీసుకోండి, ఉప్పు వేయకముందే అడిగితే విడిగా తీసి ఉంచుతారు. చోడి ఇడ్లీ ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది, ఆ తరువాత వచ్చినవారికి అంబలి, పెసరట్టు, ఉడికించిన గుడ్లు దొరుకుతాయి.